కొక్కెం వాళ్లది, బిల్లు మాది

ఇప్పుడే కరెంటు బిల్లు తెరిచాను. మామూలుగా నేను చూడను, ఆటోపేలో పడి ఉంటుంది. ఈ నెల మొత్తం చూసి గుండె గుభేలుమంది, అందుకని ఒక్కో లైనూ చదవడం మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది: వైల్డ్‌ఫైర్ ఫండ్ చార్జ్, అంటే అడవి మంటల నిధికి మనం కట్టే వాటా. యూనిట్‌కి సెంటు కూడా లేదు. మా ఇంటికి లెక్కేస్తే ఓ నాలుగు డాలర్లు. "నాలుగు డాలర్లకేనా ఈ గోల, మొన్న బోబా టీకి ఎనిమిది పెట్టావుగా" అన్నాడు మా ఆయన. బోబా టీ నేను తాగాను, నేను కట్టాను. అడవి కూడా నేనే తగలబెట్టానా?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. తర్వాత ఒకమ్మాయి వచ్చి "అది రాష్ట్ర చట్టం మేడమ్, మా చేతిలో లేదు" అంది. కంపెనీ పేరు రాయను. కాలిఫోర్నియాలో పెద్దవి మూడు, ఏదైతేనేం, మూడింటి బిల్లుల్లోనూ ఈ లైను ఉంటుంది.

రాష్ట్ర చట్టమట. ఆ చట్టం ఎలా పుట్టిందో ఇక్కడున్న మనవాళ్లలో సగం మందికి తెలియదు, సోలార్ పెట్టించుకున్నవాళ్లకి అసలు పట్టదు. 2018 నవంబర్ 8న, ఆ మూడు కరెంటు కంపెనీల్లో ఒకటైన పీజీ అండ్ ఈ వాళ్ల టవర్ మీద దాదాపు వందేళ్ల నాటి ఇనుప కొక్కెం అరిగి అరిగి తెగింది. తీగ జారింది, నిప్పురవ్వలు ఎండుగడ్డి మీద పడ్డాయి, ప్యారడైజ్ అనే ఊరు ఒక్క పూటలో బూడిదైంది. 85 మంది పోయారు. 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఒక కొక్కెం! మా నాయనమ్మకి చదువు రాదు, అయినా బావి గిలక కొక్కెం కాస్త అరిగితే చాలు, బిందె జారకముందే మార్పించేది.

2020 జూన్‌లో ఆ కంపెనీ కోర్టులో వాళ్లలో 84 మంది చావులకి నేరం ఒప్పుకుంది. శిక్ష? సుమారు 35 లక్షల డాలర్ల జరిమానా. ఆ డబ్బుకి కుపర్టీనోలో ఓ మోస్తరు ఇల్లు వస్తుంది. జైలుకి ఒక్కడూ వెళ్లలేదు. కంపెనీకి బేడీలు వేద్దామంటే చేతులుండవు కదా.

ఇక్కడ పాత సూత్రం ఒకటుంది, ఇన్వర్స్ కండెమ్నేషన్ అంటారు. అందరికీ పనికొచ్చే సదుపాయం వల్ల ఒకరి ఆస్తి పోతే ఆ భారం ఆ ఒక్కడి నెత్తినే పడకూడదని దాని అర్థం. కోర్టులు దాన్ని కరెంటు కంపెనీలకీ వర్తింపజేశాయి. తీగ వల్ల ఇల్లు కాలితే నిర్లక్ష్యం రుజువు కాకపోయినా కంపెనీ కట్టాల్సిందే. న్యాయంగానే ఉంది కదా? కంపెనీలకి మాత్రం గొంతులో వెలక్కాయ పడింది. పీజీ అండ్ ఈ 2019 జనవరిలో దివాలా కోర్టుకెక్కింది. ఆ జూలై 12నే గవర్నర్ న్యూసమ్ ఏబీ 1054 అనే చట్టం మీద సంతకం పెట్టేశాడు. కంపెనీల తీగల వల్ల మంటలొస్తే నష్టపరిహారానికి 2,100 కోట్ల డాలర్ల నిధి. సగం షేర్‌హోల్డర్లది, సగం 2035 దాకా మన బిల్లుల్లోంచి.

ఇంకా ఉంది. అదే చట్టం ప్రకారం కంపెనీ చేతిలో రాష్ట్రం ఇచ్చిన సేఫ్టీ సర్టిఫికెట్ ఉంటే అది జాగ్రత్తగానే నడుచుకుందని ముందే అనుకోవాలట. కాదనేవాడే గట్టి అనుమానం చూపించాలట. పోయినేడాది నాకు స్పీడింగ్ టికెట్ వేసిన పోలీసాయనకి నేనూ లైసెన్స్ చూపించాను. "చూశారా, జాగ్రత్తగా నడుపుతానని సర్టిఫికెట్ ఉంది" అనాలని తోచలేదు.

ప్యారడైజ్ జనానికి ఈ నిధి కూడా కాదు, పరిహారానికి వేరే ట్రస్టు. 1,350 కోట్ల డాలర్లు. అందులో సగం ఏమిటో తెలుసా? పీజీ అండ్ ఈ షేర్లు! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత. వీళ్లు ఇంకో అడుగు ముందుకేసి, నా చుట్టల కంపెనీలో వాటా తీసుకో, రేటు పెరిగితే నీ ఇల్లు నీకొస్తుంది అన్నారు.

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గరి ఆల్టడీనా కాలింది, మూడింటిలో ఇంకొకటైన ఎడిసన్ కంపెనీ మీద కేసులు పడ్డాయి, పాత నిధి ఖాళీ అవుతుందేమోనని అందరికీ టెన్షన్. సెప్టెంబర్‌కల్లా ఎస్‌బీ 254 అనే ఇంకో చట్టం వచ్చింది. ఇంకో 1,800 కోట్ల డాలర్లు, మన వాటా 2045 దాకా. అప్పటికి నాకు మనవలు పుడతారు, వాళ్లూ కడతారు. వ్యోమింగ్, ఐడహో, మోంటానా రాష్ట్రాలైతే అదే ఏడాది ఇంకా సుఖమైన దారి కనిపెట్టాయి. మంటల నివారణ ప్లాన్ రాసి, ఆమోదం తెచ్చుకుని, దాని ప్రకారం నడిస్తే కంపెనీ జోలికి వెళ్లడమే కష్టం.

ఈ కంపెనీల జాగ్రత్త నాకు తెలియకపోతే కదా. 2019 అక్టోబర్‌లో గాలి వస్తోందని ముందుజాగ్రత్తగా కరెంటు తీసేశారు. మాకు రెండు రోజులు లేదు. ఫ్రీజర్‌లో దాచుకున్న తాటి ముంజలు, గోంగూర, దీపావళికని తురిమి పెట్టుకున్న కొబ్బరి, అన్నీ చెత్తబుట్టకే. నష్టపరిహారం అడిగితే "గాలి మేడమ్" అన్నారు.

గాలి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఊళ్లో మా పొలం మీదుగా పోయే తీగలు చేతికందేంత కిందికి వేలాడుతుండేవి. నాన్న లైన్‌మన్‌కి మూడుసార్లు చెప్పాడు, ఒకసారి కాగితం కూడా రాసిచ్చాడు. వేసవిలో ఒక మధ్యాహ్నం రెండు తీగలూ ఒరుసుకుని రవ్వలు రాలాయి. గడ్డివాము, పక్కనున్న పాక, కట్టేసి ఉన్న దూడ. ఆ దూడ అరుపు నేను విన్నాను, నాకప్పుడు పదకొండేళ్లు. ఆఫీసుకెళితే "గాలొస్తే మేమేం చేస్తాం పెద్దాయనా, పంచనామా తెచ్చావా" అన్నారట. ఏడాది పాటు తిరిగాడు, పైసా రాలేదు. ఆ నెల ఇంటి బిల్లు మాత్రం రోజు తప్పకుండా వచ్చింది. నాన్న కట్టేశాడు కూడా.

మా ఆయన ఇప్పుడే వచ్చి "అయిందా, పడుకుందామా" అన్నాడు. గడువు పదిహేనో తారీకు. ఆటోపే తీసేశాను. కడతాను, పదిహేనో తారీకు రాత్రి పదకొండున్నరకి.