నెట్ల ఏది వెతికినా అందరికన్న పైన కూసుండే మొదటి లింకు దొరవారికి

దొరా,

నల్లగొండల ఒక డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ చెప్పే పంతులు దండం పెట్టి రాసుకునేది.

'మన నీళ్లల్ల ఫ్లోరైడ్' అని పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చిన. ముప్పై నాలుగు మంది రాసుకొచ్చిండ్రు, ముప్పై నాలుగూ నీ గడీలకెళ్లి వచ్చినవే. ఒక అమ్మాయి అయితే గుండ్రటి అక్షరాలతోని 'ఇంకా చదవండి' అని కూడా రాసి, కింద స్కేలు పెట్టి గీత గీసింది. నువ్వంటే అంత భక్తి!

నల్లగొండ టెక్నిక్ ఎరుకే కదా? నాగపూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది. నీళ్లల్ల పటిక, సున్నం, కొంత బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించుడు. నీ దగ్గర మాత్రం పటిక, నిమ్మకాయ! ఇంగ్లిషుల 'లైమ్' అంటే సున్నమూ అయితది, నిమ్మకాయా అయితది; ఏ మిషనో నిమ్మకాయ అని తెలుగు చేసిచ్చింది, నువ్వు కండ్లు మూసుకొని అచ్చేసినవ్.

వైవాల ఒకన్ని అడిగిన: "ఎన్ని నిమ్మకాయలురా?"

"బిందె సైజును బట్టి సార్."

"ఇంకోతాన చూసినవా?"

"ఐదు సైట్లల్ల చూసిన సార్. అన్నిట్ల నిమ్మకాయే."

ఆ ఐదూ నీ రాత ఎత్తుకొని రాసుకున్నయే. ఒక్క అబద్ధానికి ఐదుగురు సాక్షులు.

నిమ్మకాయకైతే నవ్వుకున్నం. కానీ తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తే, నీ తాన చుక్క ఎగిరిపోయి 15 అయింది. మా జిల్లాల మర్రిగూడ దిక్కు పో, ఆ చుక్క విలువెంతో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిన మోకాళ్లు చెప్తయి.

రాసినాయన పేరు 'అడ్మిన్' అట. ఏ ఊరు, ఏం చదివిండు? పైన 'ఈ రోజే అప్‌డేట్ చేశాం' అని మెరుస్తది. కిందికి పోతే భువనగిరి ఇంకా మా జిల్లాలనే ఉన్నది. 2016 అక్టోబర్ 11నే వేరుపడ్డది దొరా. ఆఖర్న వాటర్ ఫిల్టర్ కొనమని ఫోన్ నంబరు. నెత్తి మీద చీమతలకాయంత అక్షరాలతోని 'స్పాన్సర్డ్'. అంటే, ఆ కుర్చీ పైసలిచ్చి కొన్నవన్నట్టు.

సైటు పేరు చివర్న డాట్ గవ్ డాట్ ఇన్ సర్కారుకే ఇస్తరు గానీ, డాట్ ఆర్గ్ ఎవరైనా కొనుక్కోవచ్చని పిల్లలకు ఎవరూ చెప్పలే. నేను కూడా చెప్పలే, ఒప్పుకుంటున్న. బండి మీద బత్తాయి కొంటే తొక్క ఒత్తి, చేతిల బరువు చూసి బేరమాడే పిల్లలే వీళ్లు!

ప్రాజెక్టులన్నీ వాపసిచ్చి మళ్ల రాసుకరమ్మన్న. పోతపోత వెనుక బెంచీ పిలగాడు తలుపు కాడ ఆగిండు.

"సార్, మరి రెండో లింకు నమ్మొచ్చా?"

ఇట్లు,
నీ బాంచ కాని ఒక పంతులు