సిమెంటు కొంగ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సిమెంటు కొంగ గారి సముఖానికి,

విశాఖపట్నం నుంచి, టేపు పట్టుకుని తమరి ఎత్తు కొలిచిన రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టరు నమస్కరించి రాయునది.

విషయం: చెరువు గట్టున తమరి స్థిర నివాసం గురించి.

తమరు క్షేమమని తలుస్తాను. ఎండకి సొమ్మసిల్లరు, వానకి జలుబు చేయదు, ఆకలన్నది తెలియదు, క్షేమంగా కాక ఇంకెలా ఉంటారు! పక్షుల ఆవాస పరిరక్షణ అని పేరు పెట్టిన మన ప్రాజెక్టులో వచ్చి, నచ్చి, నిలిచిపోయిన ఒకే ఒక్క పక్షి తమరే. జనవరిలో నీటిపక్షుల లెక్కకి కాలేజీ పిల్లలు బైనాక్యులర్లు తెచ్చారు. గంటసేపు అటూ ఇటూ చూసి, చివరికి తమరితోనే సెల్ఫీ దిగి వెళ్లారు.

తమరిది ఏ జాతి అంటే ఇప్పటికీ చెప్పలేను. ఒళ్లు తెల్లకొంగది, మెడ బాతుది, ఒంటికాలి మీద ఆ తపస్సు మటుకు కథల్లోని దొంగకొంగది. చేసినాయన ఫోన్లో బొమ్మ చూసి చేశాడు. మధ్యలో ఛార్జింగ్ అయిపోయింది కాబోలు, కింద కోడికాళ్లు తగిలించాడు. ప్రారంభోత్సవం నాడు వాటినెవరూ చూడలేదు, పూలకుండీలు అడ్డం పెట్టాం.

అయినా తప్పు తమరిది కాదు, బిల్లుకి ముందు పని కొలతలు రాసే ఎం-బుక్కుది. అందులో నంబరు, పొడవు, వెడల్పు, లోతు అని గళ్లుంటాయి. తమరు ఆ గళ్లలో చక్కగా ఒదిగిపోయారు. నంబరు ఒకటి, ఎత్తు ఇంత, చుట్టుకొలత ఇంత. వాకింగ్ ట్రాకూ ఒదిగింది, స్టీలు రెయిలింగూ ఒదిగింది. ఒదగనిది బురదొక్కటే. శీతాకాలం నీరు తగ్గేకొద్దీ చెరువు అంచున జానెడు లోతు బురద తేలేది. ఉల్లంకి పిట్టలు వచ్చి కుట్టుమిషన్ సూదిలా ముక్కు దించి ఎత్తుతూ ఉండేవి. ఆ బురదని అలాగే వదిలెయ్యాలి, అదే పని. వదిలెయ్యడానికి చదరపు మీటరుకి రేటెంతో ఏ రేట్ల పుస్తకంలోనూ లేదు. తవ్వడానికి ఉంది, పూడ్చడానికి ఉంది, పలకలు పరచడానికి ఉంది. రేటు లేని పనికి బిల్లెవరు పెడతారు?

గట్టు సంగతీ అంతే. మట్టిగట్టు నిలువుగా కోసుకుపోయిన చోట లకుముకి పిట్ట బొరియ ఉండేది. ముక్కుతో తవ్వుకుని, లోపలెక్కడో గుడ్లు పెట్టుకునేది. గట్టు బలహీనమైందని రాసి, రాళ్లు పేర్చి సిమెంటు పూశాం. కొలత తీసుకున్నది నేనే. టేపు తుది ఆ బొరియ మూతి దగ్గరే పట్టుకున్నాను. పిట్ట ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుని, నోట్లో చేపతో, నేను ఎప్పుడు కదులుతానా అని చూసింది. నేను కదల్లేదు, రీడింగు తప్పుతుందని.

ఇక హుద్‌హుద్ తుపాను తల విరిచేసిన తాటిమోడు. 2014 అక్టోబరు 12 తర్వాత ఊళ్లో నిలబడ్డ చెట్టుకన్నా కూలిన చెట్టే ఎక్కువ కనిపించేది, అలాంటి రోజుల్లో మిగిలిన మోడది. దాని తొర్రలో రామచిలుకలు కాపురం పెట్టాయి. 'ఎండిన చెట్ల తొలగింపు'కి రేటుంది, తొలగించాం. అదే బిల్లులో, గేటు ఆర్చీ మీద రామచిలుక బొమ్మ వేయించాం. 2018లో పాలపిట్ట స్థానంలో దాన్నే రాష్ట్ర పక్షిని చేశారు కదా, గౌరవం ఇవ్వకపోతే బాగుండదని!

చట్టం లేదా అంటారేమో. ఉంది. చిత్తడి నేలల నిబంధనలు 2017లో వచ్చాయి. పదేళ్ల సగటు వరదమట్టం నుంచి 50 మీటర్ల లోపల, పడవల రేవు తప్ప శాశ్వత నిర్మాణమేదీ కూడదంటాయి. చదివి గుండె జారింది, తమరు నీటికి ఆరు అడుగుల్లో ఉన్నారాయె. మా గుమాస్తా నవ్వి, ఇంకో పేజీ తిప్పాడు. సాగునీటి కోసమో తాగునీటి కోసమో మనుషులు ప్రత్యేకంగా తవ్వుకున్న చెరువులు ఆ నిబంధనల లెక్కలోకే రావు. మనది పాత సాగుచెరువు. కాబట్టి నీళ్లున్నాయి, జమ్ముంది, నత్తలున్నాయి, కొంగలున్నాయి గానీ, కాగితం ప్రకారం అది చిత్తడి నేల కాదు. తమరు పూర్తిగా చట్టబద్ధులు.

అసలు చిక్కు కేలెండరుతో వచ్చింది. టెండరు తంతు అంతా అయ్యేసరికి కార్తీకం. వలస పిట్టలు దిగేదీ అప్పుడే, జేసీబీ దిగేదీ అప్పుడే. మార్చి 31 దాటితే నిధులు మురిగిపోతాయి గనక రాత్రి కూడా లైట్లు వేసి పని చేశాం. పిట్టలకీ మాకూ సీజను ఒకటే. ఏప్రిల్లో అవీ లేవు, మేమూ లేము. గుర్రపు డెక్క మాత్రం ఉంది. ప్రారంభోత్సవానికి ఒకసారి తీయించాం. కలిసొస్తే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. ఏటా తీయించే పద్దు ప్రాజెక్టులో లేదు. తమరికి రంగు వేయించే పద్దుంది.

మొన్న శ్రీకాకుళం జిల్లా తేలుకుంచి వెళ్లాను, మేనల్లుడి అత్తారి ఊరి వైపు. వానాకాలం నత్తగుల్ల కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద రెట్టలు, కంపు, పైనుంచి రాలే నత్తలు. ఒక ముసలమ్మ ముక్కు మూసుకోకుండానే పీట వేసుకుని కూర్చుంది. ఆ పిట్టలొస్తే ఊరికి మంచిదట. ఆర్చీ ఏదమ్మా అని అడగబోయి ఆగిపోయాను.

తిరిగొచ్చి మన చెరువు దగ్గర వలేసే ముసలాయనకి ఈ సంగతి చెప్పాను. ఆయన తమరి ముక్కుకే వల ఆరేస్తాడు, తమరికి తెలిసిందే. "ఈ కొంగ మంచిదే బాబూ, సేపలు తినదు," అన్నాడు. "మరి ఆ పిట్టలేవీ రాలేదేటని మీ ఆఫీసరు నన్నడిగినాడు. బురద నేదు, నత్త నేదు, రాతిరంతా లైట్లు. అవి ఎందుకొస్తాయి, రంగు సూడ్డానికా?" ఈయన్ని ప్రాజెక్టు కమిటీలో వేసుకోవాల్సింది. కమిటీకి చదువుకున్న వాళ్లు కావాలని అప్పట్లో నోట్ రాసింది కూడా నేనే.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, గత నెల తమరి పొట్ట దగ్గర సిమెంటు పెచ్చు ఊడింది. ఉప్పుగాలికి లోపలి చువ్వ తుప్పుపట్టి ఉబ్బింది. లోపల డొల్ల. బిల్లులో నిండు కాంక్రీటని ఉంది, అది వేరే సంగతి. ఆ డొల్లలో గోరింకలు గూడు కట్టాయి. కొబ్బరి పీచు, చిప్స్ ప్యాకెట్టు ముక్క, వల తెగిన దారం లోపలికి మోసుకెళ్లడం నేను చూశాను. నిన్న పొద్దున వాకింగులో చెవి ఆనించాను. లోపల పిల్లలు కిచకిచమంటున్నాయి.

తమరి రిపేరుకి ఎస్టిమేటు వేశారట. సోమవారం మేస్త్రీ వస్తాడు, పగులు పూడ్చి రంగు కొడతాడు. పిల్లలకి రెక్కలు రావడానికి ఇంకా రెండు మూడు వారాలు పడుతుంది. నేను వెళ్లి చెబితే, గోరింక గూడు ఏ పద్దులో ఉందండీ అంటారు. ఆ మాట వాళ్లకి నేర్పింది నేనే. అందుకని తమరినే అడుగుతున్నాను. సోమవారానికి ఇంకో పెద్ద పెచ్చు, వీలైతే కాలి దగ్గర, ఊడగొట్టుకోండి. కొలతలు మారితే ఎస్టిమేటు మళ్లీ మొదటికొస్తుంది. రివైజ్డ్ ఎస్టిమేటు శాంక్షనవడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకు బాగా తెలుసు.

ఇట్లు,
తమరి విధేయుడు,
టేపు ఇంకా ఇంట్లోనే ఉంచుకున్న మాజీ వర్క్ ఇన్‌స్పెక్టరు