రోబో రిమోట్ ఎవరి చేతికివ్వాలి?

నెల్లూరు, కావలి, ఒంగోలు బడుల్లో రోబో అనేది సైన్స్ ఎగ్జిబిషన్ బల్ల మీద పెట్టి చూపించే వింత వస్తువు దశను దాటిపోయింది. నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలయ్యాక దేశంలోని బడుల్లో పిల్లలు సొంతంగా పరికరాలు తయారు చేసే టింకరింగ్ ల్యాబులు దాదాపు 10 వేలు వచ్చాయి. ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ఒక్కో ల్యాబుకు 20 లక్షల రూపాయల దాకా సాయం అందే ఈ పథకంలో ఏ మోటారు కొనాలి, ఏ త్రీడీ ప్రింటర్ తేవాలి అన్న చర్చ బాగానే సాగుతోంది. విద్యార్థుల రోబో పోటీ రోజున ఆ ల్యాబులో తయారైన రోబోను నడిపే ఇద్దరు పిల్లలను ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్న మాత్రం చివరి వారం దాకా ఎవరికీ గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చేసరికి స్టాఫ్‌రూమ్‌లో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది: తయారు చేసినవాడే నడుపుతాడు, లేదా క్లాసు ఫస్టు వచ్చేవాడు నడుపుతాడు, లేదా ఇంట్లో ప్లేస్టేషన్ ఉన్నవాడు నడుపుతాడు. విరాళం ఇచ్చిన వారి అబ్బాయి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ తొందరపాటు వల్ల ఎంత నష్టమో తెలియాలంటే మ్యాచ్ ఎలా సాగుతుందో చూడాలి. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే విద్యార్థుల రోబో పోటీలో ఆట రెండున్నర నిమిషాలు. మొదటి 30 సెకన్లు రోబో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ప్రకారం తనంతట తాను కదలాలి, ఆ తర్వాతి 2 నిమిషాలు పిల్లలు నడపాలి. వెక్స్ వీ5 అనే మరో పోటీలో ఇవి 15 సెకన్లు, 1 నిమిషం 45 సెకన్లు. ఫస్ట్ లెగో లీగ్ వంటి వాటిలో రోబో మొత్తం సొంతంగానే నడుస్తుంది కనుక ఈ చర్చ వాటికి వర్తించదు. టెక్ ఛాలెంజ్ మైదానం 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు మాత్రమే. అందులో రెండేసి జట్లు ఒక కూటమిగా నాలుగు రోబోలు తిరుగుతుంటాయి. గీత బయట ఇద్దరు డ్రైవర్లు చెరో గేమ్‌ప్యాడ్ (జాయ్‌స్టిక్‌లు, బటన్లు ఉండే రిమోట్) పట్టుకుని నిలబడతారు. సాధారణంగా ఒకరు చక్రాలు చూసుకుంటే మరొకరు రోబో చేయి, లిఫ్టు చూసుకుంటారు. పక్కనే కోచ్ ఉంటాడు. నెలల తరబడి పది పదిహేను మంది పడిన కష్టమంతా ఆ రెండు నిమిషాల్లో నాలుగు బొటనవేళ్ల మీద ఆధారపడుతుంది.

ఆ బొటనవేళ్ల పని చూసేవారికి కనిపించినంత తేలిక కాదు. రోబో డ్రైవరుకు అభిముఖంగా తిరిగిన క్షణంలో దాని కుడి పక్క డ్రైవరుకు ఎడమ పక్క అవుతుంది, కొత్త పిల్లలు గోడకు గుద్దేది ఎక్కువగా అక్కడే. దిశను కొలిచే సెన్సార్ సాయంతో ప్రోగ్రాంలోనే దీన్ని సరిచేయవచ్చు గానీ, మ్యాచ్ మధ్యలో ఆ సెన్సార్ లెక్క తప్పితే జాయ్‌స్టిక్ ముందుకు తోసినా రోబో ఏటవాలుగా పోతుంది. అప్పుడు ఒక్క సెకను ఆగి, ఏం జరుగుతోందో గ్రహించి, దిశను మళ్లీ సరిచేసే బటన్ నొక్కే పిల్లవాడు వేరు, జాయ్‌స్టిక్‌ను ఇంకా బలంగా తోసే పిల్లవాడు వేరు. ఇద్దరూ మొదటి రోజు ట్రయల్‌లో ఒకేలా కనిపిస్తారు.

నా అభ్యంతరం ఆ మొదటి రోజు ట్రయల్ మీదే. అందరినీ వరుసలో నిలబెట్టి తలా ఒకసారి నడిపించి, వేగంగా నడిపినవారిని ఎంపిక చేయడం పైకి నిష్పాక్షికంగా కనిపిస్తుంది. నిజానికి అది ఆ పిల్లల ఇళ్లలో ఏ వస్తువులు ఉన్నాయో కొలుస్తుంది. నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి వచ్చే పిల్లవాడికి గేమ్‌ప్యాడ్ కొత్త కాదు, కొత్తపట్నం తీరం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి దాన్ని బహుశా అదే మొదటిసారి పట్టుకుని ఉంటుంది. ఆ తేడా రెండు మూడు వారాల సాధనలో చాలావరకు చెరిగిపోతుంది. చెరిగిపోయాక మిగిలేదే మనం చూడవలసిన తేడా. కనుక ఎంపిక ఒక రోజు పని కారాదు. కనీసం మూడు వారాల పాటు, ఆసక్తి ఉన్న ప్రతి ఒక్కరికీ సమానంగా సమయం ఇచ్చి, ప్రతిసారీ ఏం జరిగిందో నోటుబుక్కులో రాయాలి.

రాయవలసినవి ఎక్కువేమీ కాదు. ఒక వస్తువును తీసుకుని, దాని స్థానంలో వేసి, తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్ని జారిపోయాయి, నిబంధన ఎన్నిసార్లు తప్పారు అన్నవి చాలు. ఉదాహరణకు ఒకరికి వరుసగా 10, 11, 10, 11 సెకన్లు పట్టాయని, మరొకరికి 7, 7, 19, 7 పట్టాయని అనుకుందాం. సగటు చూస్తే రెండోవారే కాస్త ముందుంటారు. అయినా ఆ 19 ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా గేమ్‌ప్యాడ్ ఇవ్వడం తప్పు. వస్తువు అనుకోకుండా మూలలో ఇరుక్కుంటే అది వేరే సంగతి. ఒక్కసారి జారిపోగానే కంగారుపడి దాని వెంటే పరుగెత్తితే మాత్రం, ప్రత్యర్థి రోబో అడ్డం వచ్చే అసలు మ్యాచ్‌లో ఆ 19 మళ్లీ మళ్లీ వస్తుంది. దీన్ని పరీక్షించేందుకు ఒక చిన్న ఉపాయం ఉంది. సాధన మ్యాచ్‌కు ముందు రోబో చేతి మోటారు తీగను ఎవరికీ చెప్పకుండా ఊడదీసి పెట్టండి. చేయి లేవడం లేదని తెలిసిన తర్వాత ఎన్ని సెకన్లకు ఆ జంట వేరే పనికి మళ్లిందో, చివర్లో రోబోను నిర్ణీత చోట ఆపితే వచ్చే పార్కింగ్ పాయింట్లయినా దక్కించుకుందో లేదో చూడండి. పిల్లలు ఒత్తిడిలో ఎలా ప్రవర్తిస్తారో ఫిజిక్స్ సారు కంటే పీఈటీ సారుకే బాగా తెలుస్తుంది, డ్రైవర్లను ఎంపిక చేసేవారిలో ఆయనను ఎవరూ కూర్చోబెట్టకపోవడమే విచిత్రం.

సాధన ఎక్కడ జరుగుతోందన్నదీ ముఖ్యమే. పోటీ మైదానంలో మెత్తటి ఫోమ్ టైల్స్ పరుస్తారు. మన బడుల్లో బెంచీలు పక్కకు జరిపి గ్రానైట్ పలకల నున్నటి నేల మీదే నడిపిస్తుంటారు, చీమకుర్తి దగ్గరే ఉండగా నేల అలా కాక ఇంకెలా ఉంటుంది! పక్కకు కూడా కదలగల మెకానమ్ చక్రాలు ఆ నేల మీద జారినట్టు ఫోమ్ మీద జారవు. నున్నటి నేల మీద అలవాటైన చేయి పోటీలో ప్రతి మలుపూ తప్పుతుంది. అన్ని టైల్స్ కొనలేకపోతే నాలుగో వంతు మైదానానికైనా పరిచి, ఎంపిక ట్రయల్స్ దాని మీదే పెట్టాలి.

తయారు చేసినవారికే నడిపే హక్కు అన్న వాదనలో న్యాయం లేకపోలేదు. యంత్రం లోపలి సంగతి తెలిసినవారు దాని పరిమితిని ఎరిగి నడుపుతారు, బ్యాటరీ దిగిపోయి వేగం తగ్గితే వెంటనే గుర్తిస్తారు. అయితే రెండు మ్యాచ్‌ల మధ్య పిట్‌లో, అంటే జట్టు మరమ్మతు బల్ల దగ్గర, విరిగింది బిగించవలసిందీ వారే. వారినే డ్రైవర్లుగా పంపితే రెండు పనులూ చెడతాయి. ఈ తేడా ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసే ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పాలా? గిత్తలను బిడ్డల్లా పెంచిన రైతే బరిలో వాటిని తోలాలని ఎవరూ పట్టుబట్టరు, తోలడంలో చేయి తిరిగినవారిని పిలిపించుకుంటారు. డ్రైవర్‌కు యంత్రం గురించి తెలియాలన్నది నిజమే గనుక, ఎంపికైన జంట చేత ఒకసారి రోబో చేతిని విప్పించి మళ్లీ బిగించేలా చేస్తే సరిపోతుంది.

ఇంగ్లిష్ మాట్లాడగలవారినే పంపాలన్న పట్టుదల వెనుక ఒక పొరపాటు ఉంది. వేరే రాష్ట్రం జట్టుతో కూటమి కట్టినప్పుడు వ్యూహం మాట్లాడుకోవలసిన మాట నిజం. ఆ పని మ్యాచ్‌కు ముందు జరుగుతుంది, దాన్ని కోచ్ చేయవచ్చు, జట్టులో మాటకారి మరొకరూ చేయవచ్చు. ఆట మొదలయ్యాక డ్రైవర్ వినవలసింది తన కోచ్ మాట ఒక్కటే. అది తెలుగులో, రెండు మూడు ముక్కల్లో ఉంటేనే మేలు. ‘ఎడమకు’ అంటే రోబో ఎడమా, మన ఎడమా అన్నది మాత్రం ముందే ఖరారు చేసుకోవాలి. ఫస్ట్ పోటీల్లో కోచ్ స్థానంలో పెద్దలు నిలబడవచ్చు గానీ, వెక్స్‌లో డ్రైవర్ స్టేషన్‌లో ఉండేది విద్యార్థులే. ఏ పోటీ అయినా ఆ స్థానానికి కూడా ఒక విద్యార్థిని తయారు చేసుకోవడం మంచిది. డ్రైవర్లిద్దరూ వేగంగా ఉండి కోచ్ మాట వారి చెవికెక్కకపోతే ఆ ముగ్గురూ జట్టు కానట్టే, కాబట్టి వ్యక్తులను విడివిడిగా కాక ముగ్గురినీ కలిపి ట్రయల్ వేయాలి.

ఇక అమ్మాయిల సంగతి. జట్టులో అమ్మాయిలు ఉంటారు, రోబో తయారీ వివరాల ఇంజినీరింగ్ నోట్‌బుక్ రాస్తారు, జడ్జీల ముందు చక్కగా వివరిస్తారు, గేమ్‌ప్యాడ్ దగ్గరకు వచ్చేసరికి వెనక్కి జరుగుతారు. దీనికి అనాసక్తి కారణమని సరిపెట్టుకోవడం తేలిక. సాధన సాయంత్రం ఐదు దాటాక పెడితే ఊళ్లకు పోయే బస్సు పట్టుకోవలసినవారు ట్రయల్‌కే రాలేరు, రానివారి పేరు ట్రయల్స్ నోటుబుక్కులో ఉండదు. ట్రయల్స్ మధ్యాహ్న భోజన విరామంలోనో, బడి వేళల్లోని ల్యాబ్ పీరియడ్‌లోనో పెట్టడానికి ఖర్చేమీ కాదు, హెచ్‌ఎం సంతకం చాలు.

ఇవన్నీ సాధ్యం కావాలంటే రోబో ముందే సిద్ధం కావాలి. బయలుదేరే ముందు రోజు రాత్రి దాకా స్క్రూలు బిగించే జట్టుకు ఎంపిక అనేదే ఉండదు, అప్పటికి దాన్ని నడిపి చూసినవాడు ఒక్కడే ఉంటాడు కనుక. చేయి పూర్తికాకపోయినా చక్రాలు తిరిగే చట్రం తయారైన రోజు నుంచే డ్రైవర్ల ట్రయల్స్ మొదలుపెట్టవచ్చు. ఎంపికయ్యే జంటలో ఒకరైనా తొమ్మిదో తరగతి లేదా అంతకంటే కింది తరగతివారు ఉండాలి. ఇద్దరూ పదో తరగతివారైతే మార్చి పరీక్షలు దగ్గరపడగానే తల్లిదండ్రులు సాధన మాన్పిస్తారు, జూన్‌లో బడి తెరిచేసరికి ఇద్దరూ ఇంటర్‌కు వెళ్లిపోయి ఉంటారు. రెండో జంటను కూడా ఖరారు చేసి, స్నేహపూర్వక మ్యాచ్‌లన్నీ వారి చేతే ఆడించాలి. అసలు పోటీలో మాత్రం అర్హత మ్యాచ్‌ల మధ్యలో డ్రైవర్లను మార్చకపోవడమే మంచిది, ఎందుకంటే ఫైనల్ దశకు కూటములు ఎంచుకునే ఇతర జట్ల కెప్టెన్లు ఆ మ్యాచ్‌లు చూసే ఎవరిని పిలవాలో తేల్చుకుంటారు.