ఒక చేత్తో చాక్లెట్, మరో చేత్తో బ్రష్షు

రేపు నవంబరు 14. ఊరూరా బడుల్లో, అంగన్‌వాడీల్లో నెహ్రూ పటానికి దండ వేస్తారు. పిల్లల చేత పాటలు పాడిస్తారు. చివర్లో వచ్చిన పెద్దమనిషి చేతుల మీదుగా చాక్లెట్లు పంచుతారు. ఎల్లుండి ఆ ఫొటోలు మా జిల్లా పేజీల్లోనూ వస్తాయి. ఏటా వేస్తూనే ఉన్నాం, కాబట్టి ఈ తప్పులో మా వాటా మాకుంది. ఎప్పుడైనా ఆ ఫొటోలను కాస్త దగ్గరగా చూడండి. చాక్లెట్ అందుకుని నవ్వుతున్న పిల్లల్లో ఎందరి పై వరస పళ్లు నల్లటి మొద్దులుగా అరిగిపోయాయో తెలుస్తుంది.

భారత దంతవైద్య మండలి 2002-03లో చేయించిన జాతీయ సర్వేలోనే అయిదేళ్ల పిల్లల్లో సగం మందికి పుచ్చు పళ్లు తేలాయి. ప్రపంచవ్యాప్తంగా పాలపళ్లు పుచ్చిన పిల్లలు 51.4 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది. కొత్త సంగతులేం కావివి. కొత్తగా ఒళ్లు మండిస్తున్నది మరొకటి ఉంది.

పుచ్చిన పన్నుతో పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్తే ఏ డాక్టరైనా ముందు అడిగేది తల్లినే. 'ఏమ్మా, చాక్లెట్లు బాగా పెడుతున్నావా? రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడుతున్నావా?' అడగడంలో తప్పులేదు. రాత్రి నిద్రలో లాలాజలం తగ్గుతుంది. తీపి పాలు పై పళ్ల మీద నిలుస్తాయి. నోట్లోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. కింది ముందు పళ్లకు నాలుక అడ్డం ఉంటుంది కాబట్టి అవి బతికిపోతాయి, పైవి మొదట పోతాయి. ఇవన్నీ తల్లికి తెలియాల్సినవే. మా అభ్యంతరమల్లా ఒక్కటే. ఈ ప్రశ్నలు తల్లిని మాత్రమే ఎందుకు అడుగుతున్నారు? అదే పిల్ల నోట్లో చక్కెర పోస్తున్న మిగతా చేతుల్ని ఎవరూ ఎందుకు అడగరు?

మొదటి చెయ్యి ఢిల్లీది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది. టూత్‌పేస్టు మీద, టూత్‌బ్రష్షు మీద 18 శాతం ఉన్న పన్ను 5 శాతానికి వచ్చింది. సంతోషం, ఎప్పుడో చేయాల్సిన పని. కానీ అదే జాబితాలో చాక్లెట్లు కూడా 18 నుంచి 5కి దిగాయి. బిస్కెట్లు, ఐస్‌క్రీములూ అంతే. అట్టడబ్బాలో స్ట్రా గుచ్చుకుని పిల్లలు పీల్చే పండ్లరసం పానీయాల పన్ను 12 నుంచి 5కి పడింది. అంటే పళ్లు తోముకునే వస్తువుకూ, పళ్లు పాడుచేసే వస్తువుకూ ఖజానా దృష్టిలో ఇప్పుడు ఒకటే రేటు. మధ్యతరగతి ఇంటి ఖర్చు తగ్గించాం కదా అంటారు ఏలినవారు. కూల్‌డ్రింకుల మీద 40 శాతం వేశాం కదా అని కూడా అంటారు. పాత సెస్సు కలుపుకుంటే వాటి మీద అంతకుముందూ 40 శాతమే. కొత్తగా వేసిందేమీ లేదు.

రెండో చెయ్యి మన రాష్ట్రాలది. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా ఇచ్చే బాలామృతం ప్యాకెట్‌లో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర ఉంటుంది. బక్కచిక్కిన పిల్లలకు శక్తి కావాలి, తీపి లేకపోతే తినరు అన్నది అధికారుల సమాధానం. ఎదుగుదల లేని పిల్లలున్న చోట ఆ మాటను కొట్టిపారేయలేం. అయితే నూనె శక్తినివ్వదా? వేరుశనగ పొడి ఇవ్వదా? మొదటి పన్ను మొలిచే వయసులోనే నాలుకకు తీపి మప్పి, నాలుగేళ్లు వచ్చాక 'తీపి తినకూడదు నాన్నా' అని గోడ మీద బొమ్మ గీయించడం ఏ నీతి? మన అమ్మమ్మలు ఉగ్గుగిన్నెలో పెట్టిన ఉగ్గులో బియ్యం, పప్పు, కాస్త వాము, నెయ్యి ఉండేవి. పిల్లలు తిన్నారు, పెరిగారు.

మూడో చెయ్యి కంపెనీలది, దాని వెనుక నిలబడ్డ నిబంధనలది. నెస్లే కంపెనీ భారత్‌లో అమ్మే పసివాళ్ల ఆహారం సెరెలాక్‌లో వడ్డనకు సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలుపుతున్నారని, అదే కంపెనీ స్వదేశమైన స్విట్జర్లాండ్‌లో కలపడం లేదని 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ బయటపెట్టింది. గోల అయ్యాక శుద్ధి చేసిన చక్కెర లేని రకాలు వచ్చాయి. అంతకుముందు కలిపినదంతా నిబంధనలకు లోబడే ఉందని కంపెనీ అంది. కావచ్చు. మా బాధ సరిగ్గా అదే. పసివాళ్ల తిండిలో చక్కెర కలపడానికి ఈ దేశంలో నిబంధనను ఉల్లంఘించాల్సిన పనే లేదు.

ఓఆర్‌ఎస్ సంగతి ఇంకా ఘోరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు పేరులో ఆ మూడక్షరాలు తగిలించుకుని మందుల షాపుల్లోనే ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. విరేచనాలైన పిల్లకు మందు అనుకునే తల్లులు కొని పట్టించారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు ఒంటరిగా పోరాడితే గానీ 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు తీసేయమని ఉత్తర్వు ఇవ్వలేదు. అది కూడా 2022లో, 2024లో తానే ఇచ్చిన అనుమతుల్ని వెనక్కి తీసుకుంటూ! పాకెట్ మీద 'ఇది ఓఆర్‌ఎస్ కాదు' అని చిన్నక్షరాల్లో రాస్తే చాలని అప్పట్లో సర్దిచెప్పింది ఈ సంస్థే. ప్యాకెట్ ముందు భాగంలో చక్కెర, ఉప్పు, కొవ్వుల హెచ్చరిక గుర్తుల సంగతీ ఇంతే. 2022లో ప్యాకెట్‌కు నక్షత్రాల్లో మార్కులు వేసే ముసాయిదా ఏదో తెచ్చారు, మూడు నెలల్లో తేల్చండని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. దుకాణంలో ప్యాకెట్ మాత్రం ఇప్పటికీ బోసిగానే ఉంది. ఇన్ని చేతులు తీపి పోస్తుంటే అడ్డుపడలేకపోయిన తల్లిది తప్పట!

'పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే' అన్న మాట ఇంట్లో పెద్దవాళ్లే అంటారు. వాళ్లననడం ఎందుకు, జిల్లా వైద్యాధికారుల సమీక్షల్లో పంటి ప్రస్తావన ఎంతసేపు వస్తుందో చూస్తే సర్కారుదీ అదే మాటని తెలుస్తుంది. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి నిజమే, పాల దవడ పళ్లు పదీ పన్నెండేళ్ల దాకా ఉండాలి. అన్నం నమిలేది వాటితోనే. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, రావాల్సిన పన్నుకు దారి మూసేస్తాయి. పైగా ఆరేళ్లకు ఏ పన్నూ ఊడకుండానే వరస చివర కొత్త దవడ పన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేసిన ఇళ్లు ఎన్నో. చీము పట్టాక చిక్కేముందో అనుభవించినవాళ్లకు తెలుసు. పెద్దవాళ్లయితే కుర్చీలో నోరు తెరిచి కూర్చుంటారు, మూడేళ్ల పిల్ల కూర్చోదు. కొందరికి మత్తిచ్చి చేయాల్సి వస్తుంది. సర్కారు దంత కళాశాలలు హైదరాబాద్‌లో, విజయవాడలో, కడపలో ఉన్నాయి. ఉట్నూరు తల్లి ఎక్కడికి వెళ్లాలి, పాడేరు తల్లి ఎక్కడికి వెళ్లాలి? అందుకే ఇప్పటికీ వాకుడు గింజల పొగ పట్టించి 'పంటి పురుగు' రాల్చే వాడికి గిరాకీ ఉంది. వాడిని తిట్టడం తేలిక.

నిజానికి పుచ్చు చెప్పాపెట్టకుండా రాదు. చిగురు పక్కన పన్ను మీద సున్నపు గీతలాంటి తెల్లటి మచ్చతో మొదలవుతుంది. ఆ దశలో రాత్రి తీపి ఆపి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు పూటలా తోమితే అది అక్కడితో ఆగుతుంది, చాలాసార్లు మళ్లీ గట్టిపడుతుంది. నెలకోసారి పిల్ల పై పెదవి ఎత్తి చూడాలి, అంతే. పైసా ఖర్చులేని ఈ మాట ఏ టీకా కార్డు మీదైనా అచ్చేస్తే ఎంత బాగుండు!

ఫ్లోరైడ్ అనగానే మన దగ్గర భయం. ఆ భయం ఊరికే రాలేదు. నాటి నెల్లూరు జిల్లాలో, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన ఎముకల గురించి 1937లోనే వైద్యులు రాశారు. నల్లగొండ గోస తెలియని తెలుగువాడు లేడు. ఆ భయాన్నే సరుకుగా చేసుకుని ఇప్పుడు పిల్లల పేస్టులు 'ఫ్లోరైడ్ లేదు' అని పెద్దక్షరాలు వేసుకుంటున్నాయి. స్ట్రాబెర్రీ రుచి, రెట్టింపు ధర, లోపల పుచ్చును ఆపే సరుకు మాత్రం ఉండదు. లెక్క చూద్దాం. మూడేళ్ల లోపు పిల్లకు బియ్యపు గింజంత పేస్టు చాలు, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. మన చట్టం ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే గ్రాము పేస్టుకు 1 మిల్లీగ్రాము, దాటకూడదు, ఎంత ఉందో ట్యూబు మీద రాయాలి. బియ్యపు గింజంత పేస్టు 0.1 గ్రాము అనుకుంటే అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా 0.2 మిల్లీగ్రాములు. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఒక గ్లాసు తాగితే లోపలికి వెళ్లేది కూడా అంతే. నల్లగొండను వంచింది నీళ్లు, పేస్టు కాదు. నీళ్లలో ఇంకా ఫ్లోరైడ్ మిగిలిన ఊరుంటే ముందు ఆ నీళ్లు మార్చండి. అక్కడి పిల్లల పేస్టు సంగతి దంతవైద్యులే ఊరికి వచ్చి చెప్పాలి. మిగతా చోట్ల ఈ భయాన్ని పోగొట్టాల్సింది ఆరోగ్య శాఖ. దాని నోట ఆ మాట ఎప్పుడైనా విన్నారా?

సర్కారుకు మార్గం లేక కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను చూడాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పంటి జబ్బులు ఉన్నాయి. ఉండి ఏం లాభం? బరువు తూచడం, చెయ్యి చుట్టుకొలత తీయడం అయ్యాక నోరు తెరిపించే ఓపిక ఎందరికి మిగులుతుంది? తెరిపించి నల్లటి మచ్చ చూసినా చేతిలో మందేది? డ్రిల్లింగ్ లేకుండా, సూది లేకుండా పుచ్చును అక్కడే నిలిపే సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ ద్రావణాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పూసిన చోట పన్ను నల్లబడుతుంది, ఆ సంగతి తల్లికి ముందే చెప్పాలి. నొప్పితో రాత్రంతా ఏడ్చే పిల్ల కంటే నల్ల మచ్చతో నిద్రపోయే పిల్ల నయం కాదా?

స్కాట్లాండ్ అనే చల్లటి దేశంలో తీపి మనకంటే తక్కువేం తినరు. అక్కడ నర్సరీల్లో రోజూ పిల్లలందరి చేతా కలిసి పళ్లు తోమించే పని పెట్టారు. బడిలో చేరే పిల్లల్లో పుచ్చు కనిపించనివాళ్లు 2003లో సగం కన్నా తక్కువ, 2020 నాటికి నూటికి 70 మంది దాటారు. మన అంగన్‌వాడీల్లో పిల్లలు చేతులు కడుక్కుని వరసగా కూర్చుని గుడ్డు, అన్నం తింటున్నారు. ఆ తర్వాత అయిదు నిమిషాలు బ్రష్షు పట్టిస్తే చాలు. ఒక్కో పిల్లకు పేరు రాసిన బ్రష్షు, కేంద్రానికి ఒక ట్యూబు కావాలి. అయితే ఒక్క షరతు. దీనికోసం అంగన్‌వాడీ టీచర్ చేతిలో ఇంకో యాప్ పెట్టకండి, తోమిన పళ్ల ఫొటోలు రోజూ అప్‌లోడ్ చేయమనకండి. ఇప్పటికే పిల్లల కంటే ఫోన్‌నే ఎక్కువ చూసుకోవాల్సిన గతి పట్టించారు ఆమెకు.

ఈ ఖర్చు మోయలేమంటే నమ్మడానికి మేం సిద్ధంగా లేం. చాక్లెట్ల మీద వదులుకున్న పన్నుకు లేని బెంగ బ్రష్షుల దగ్గర ఎందుకు? బాలామృతంలో చక్కెర కొనడానికి డబ్బుంది, పిల్లల పేస్టు కొనడానికి లేదా? 'తల్లులకు అవగాహన కల్పిస్తాం' అన్న పాత పాట ఇక ఆపండి. తల్లికి అవగాహన ఉంది, మీ ఉత్తర్వులకే లేదు.

రేపు సభలకు బయల్దేరే మంత్రులు, కలెక్టర్లు, ఎమ్మెల్యేలు కారు ఎక్కేముందు వెనక సీట్లో చూసుకోండి. చాక్లెట్ల పెట్టె కనిపిస్తే దింపేయండి. వేదిక మీదికి పిలిచిన పిల్లల్లో ఏ ఒక్కరినైనా దగ్గరకు తీసుకుని, పై పెదవి ఎత్తి చూడండి. మైకు ఆ తర్వాత పట్టుకోవచ్చు.