పడవను ఎవరు కాస్తారు?

అక్టోబరు రెండో వారం వచ్చిందంటే సిక్కోలు (శ్రీకాకుళం) తీరంలో తెల్లారగానే సముద్రం వైపు చూడని మనిషి ఉండడు. 2013లో 12వ తేదీన పైలీన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది. 2018లో 11వ తేదీ తెల్లవారుజామున, జనం ఇంకా పక్కల మీద ఉండగానే, గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో తిత్లీ పలాస సమీపంలో నేల మీదికి వచ్చి జిల్లా ఉత్తరాన ఉన్న ఉద్దానం ప్రాంతపు కొబ్బరిని, జీడిని, పనసను నేలమట్టం చేసింది. ఆ మూడు తుపాన్లనూ చూసిన తీరంలో ఇప్పటికీ హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ ఒకే దృశ్యం కనిపిస్తుంది. మైకు కట్టిన ఆటో వీధి వీధి తిరుగుతుంది, సచివాలయ సిబ్బంది గడపగడపకూ వెళ్లి బతిమాలతారు, పోలీసు జీపు రెండుసార్లు వచ్చిపోతుంది, చివరికి ఊళ్లో సగం మంది బస్సెక్కుతారు, సగం మంది ఇళ్లలోనే ఉండిపోతారు. ఉండిపోయిన వారిని గురించి మర్నాడు అధికారులు ‘అవగాహన లేమి’ అంటారు, పత్రికలు ‘నిర్లక్ష్యం’ అని రాస్తాయి. అలా రాసిన వాటిలో ఈ పత్రిక కూడా ఉంది. ఆ మాట తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

కదలని మనిషికి తుపాను సంగతి తెలియక కాదు. గాలి ఏ మూల నుంచి తిరిగితే ఏమవుతుందో, నీటి రంగు ఎప్పుడు మారుతుందో మనకంటే అతనికే బాగా తెలుసు. అతను కూర్చుని లెక్క వేసుకుంటున్నాడు. వెళితే పోయేదేమిటి, ఉంటే పోయేదేమిటి అన్న ఆ లెక్కలో ప్రభుత్వ ప్రకటన ఒక్క పద్దుకే, అంటే ప్రాణానికే, జవాబు చెబుతోంది. మిగతా పద్దులన్నీ ఖాళీగా మిగిలిపోతున్నాయి.

గార మండలంలో వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉండే ఏ మత్స్యకార పల్లెనైనా అక్టోబరులో చూడండి. మగవాళ్లలో చాలామంది ఊళ్లో ఉండరు. వేట కోసం గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లిపోయి ఉంటారు, తిరిగి వచ్చేది ఎండాకాలంలోనే. ఇంట్లో ఉండేది ఒక ఆడమనిషి, మంచం దిగలేని అత్తగారు, బడికెళ్లే పిల్లలు, రెండు మేకలు. ఒడ్డున నలుగురు కలిసి కొనుక్కున్న ఫైబరు పడవ, దాని ఇంజను, అప్పు తెచ్చి కొన్న వలలు. ఊరు ఖాళీ చేయమన్న ప్రకటన వినగానే ఆమె చేసే మొదటి పని వేరావల్‌కు ఫోను కలపడం. అటు నుంచి వచ్చే మొదటి ప్రశ్న ‘పడవను పైకి లాగించినావా, తాడు కట్టినావా?’ అని. రెండోది ‘అమ్మను ఒగ్గీసి ఎలా ఎల్తావు?’ అని. వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న మనిషి సిగ్నలు తెగిపోతున్న ఫోనులో నిర్ణయం తీసుకుంటున్నాడని, ఆ నిర్ణయం అందేలోపు చీకటి పడుతుందని పునరావాస ప్రణాళిక రాసిన వారిలో ఎంతమంది ఆలోచించారు? హెచ్చరిక ఆమెకు చేరితే చాలదు, ఆయనకూ చేరాలి. వేటకు వెళ్లిన వారి ఫోను నంబర్లు మత్స్యశాఖ దగ్గర ఉంటే, ‘మీ కుటుంబాన్ని ఫలానా చోటికి తీసుకువెళుతున్నాం, మీ పడవను ఫలానా తోటలో కట్టించాం’ అన్న ఒక్క సందేశంతో సగం పని అయిపోతుంది.

పడవ సంగతి చిన్నది కాదు. ప్రాణం ముందా, పడవ ముందా అని అడగడం నెలజీతం వచ్చేవాడికి తేలిక. పడవ పోతే ఆ ఇంటికి రెండు మూడేళ్ల తిండి పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. బీమా ఉన్న పడవలు తక్కువ. నష్టపరిహారం వస్తుందా అంటే, తుపాను వెలిసిన తరువాత లెక్కలు రాయడానికి వచ్చే ఉద్యోగి ముందు మనిషి నిలబడి ‘ఇదిగో, ఇక్కడ ఉండేది’ అని చూపించాలి. ఆ రోజు ఊళ్లో లేకపోతే పేరు జాబితాలో ఎక్కదేమోనన్న భయం మైకులో చెప్పే భయం కంటే పెద్దది. పశువుల మాటా ఇంతే. బస్సు మనుషుల కోసం వస్తుంది, చూడి గేదె కోసం రాదు. పలుపు విప్పి వదిలేయమని చెప్పడం సులువే, వదిలేసిన గేదె మళ్లీ దొరుకుతుందని ఎవరు హామీ ఇస్తారు?

ఇక వెళ్లమన్న చోటు ఎలా ఉంటుంది? ఉన్నచోట తుపాను రక్షిత కేంద్రం, లేనిచోట బడి. బల్లలు ఒక మూలకు తోసి, పట్టాలు పరిచి, రాత్రికి పులిహోర పొట్లాలు పంచుతారు. మరుగుదొడ్డి ఒకటో రెండో ఉంటాయి, ఒకదానికి తాళం, రెండోదానికి గడియ ఉండదు. మగవాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసి గోడకు ఆనుకుని కూర్చునే ఆడవాళ్లు ప్రతి కేంద్రంలోనూ కనిపిస్తారు. ఒక రాత్రి అలా గడిపిన మనిషి రెండోసారి పిలిస్తే రాదు. పక్క ఊరి బడికి వెళ్లాల్సి వస్తే పాత తగాదాలు, కులాల పట్టింపులు కూడా గుమ్మంలోనే అడ్డం నిలుస్తాయి. ఈ సంగతి కాగితాల మీదికి ఎప్పుడూ రాదు కానీ ఊళ్లో అందరికీ తెలుసు.

ఉద్దానంలో ఇంకో లెక్క ఉంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే వారు ఇంటి పక్కనే ఉంటారు. డయాలసిస్‌కు కరెంటు కావాలి, శుద్ధమైన నీరు పెద్ద మొత్తంలో కావాలి. తిత్లీ తరువాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు, బోర్లు ఆడక తాగునీటికే అల్లాడిపోయారు. అలాంటి రోగిని బడిలోకి తరలిస్తే తుపాను నుంచి తప్పించినట్టా, మరో ప్రమాదంలోకి నెట్టినట్టా? పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హెచ్చరిక వెలువడిన రోజునే మండలంలోని డయాలసిస్ రోగులందరినీ తోడుగా ఒక మనిషితో సహా జనరేటరు ఉన్న ఆసుపత్రికి దగ్గరగా చేర్చడానికి పేర్లతో జాబితా ఉండాలి. ఆ జాబితా తుపాను నాడు తయారయ్యేది కాదు.

హెచ్చరిక మాటల్లోనూ తిరకాసు ఉంది. ‘కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని చెబుతుంటారు. ఆ నంబర్లు ఓడల కోసం పెట్టినవి, ఇళ్లలో ఉన్నవారి కోసం కాదు. ఐదు, ఆరు, ఏడు నంబర్లు ప్రమాద తీవ్రత పెరుగుతున్నట్టు చెప్పవు. తుపాను ఓడరేవుకు ఎడమగా దాటుతుందా, కుడిగా దాటుతుందా, నేరుగా దాని మీదుగానా అన్నది చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లూ అంతే, కాకపోతే ప్రమాదం మరీ పెద్దది. పదకొండో నంబరు ఎగరేస్తే హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఇది తెలియని మనిషి ‘ఇంకా ఐదే కదా, పది దాకా చూద్దాం’ అనుకుంటే తప్పు అతనిదా? ‘తుపాను తీరం దాటింది’ అన్న మాట మరీ ప్రమాదకరం. దాటిందంటే అయిపోయిందని జనం బయటికి వస్తారు. తుపాను కన్ను మీదుగా వెళ్లే ఊళ్లో గాలి ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే ఉధృతంగా విరుచుకుపడుతుంది. ఇక వాన సంగతి. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి దగ్గరలో తీరం దాటిన గులాబ్ గాలిలో ఏమంత పెద్దది కాదు. కానీ విశాఖలో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిపించింది. గాలి పేరుతో వచ్చిన తుపాను నీటితో దెబ్బ కొట్టింది.

నదుల వరద ఇంకా చిత్రమైనది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి. అక్కడ కురిసిన వాన ఒకటి రెండు రోజులు ప్రయాణించి, ఇక్కడ ఎండ కాస్తున్న పూట ఊరి మీదికి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు ఇల్లు ఖాళీ చేయమంటే ఎవరు మాత్రం నమ్ముతారు? ఆ పైన చెప్పే మాట ‘గొట్టా బ్యారేజీ నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలాం’ అని. క్యూసెక్కు, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, ఇంటి గుమ్మాన్ని ఏ మెట్టు దాకా తడుపుతుందో రైతుకు తెలియదు, నిజానికి చెప్పే ఉద్యోగికీ తెలియదు. ఏ ఊళ్లోనైనా పెద్దవాళ్లను అడిగితే పాత వరద ఎక్కడి దాకా వచ్చిందో రామమందిరం గోడ మీద వేలితో చూపిస్తారు. ఆ గుర్తులకు రంగు వేసి, పక్కన ఏడాది, ఆ రోజు బ్యారేజీ నుంచి వదిలిన నీరు రాసిపెడితే ఆ గోడే వరద పాఠం చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నాగావళి మీది తోటపల్లి బ్యారేజీ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, నీరు చేరేది శ్రీకాకుళానికి. కబురు నదికంటే ముందు చేరుతోందా అన్నది చూసుకోవలసింది రెండు కలెక్టరేట్లూ కలిసి. విజయనగరం తీరం చిన్నదే అయినా కోనాడ దగ్గర చంపావతి నది, సముద్రం రెండూ ఒకేసారి పొంగితే భోగాపురం, పూసపాటిరేగ పల్లెలకు ఇదే సమస్య.

అన్నిటికంటే మొండి కారణం వేరే ఉంది. రాకుండా పోయిన తుపాను. 2021 డిసెంబరులో జవాద్ వస్తోందని ఉత్తరాంధ్ర మూడు జిల్లాల్లో 50 వేల మందికి పైగా తరలించారు. జవాద్ సముద్రంలోనే బలహీనపడి, వాయుగుండంగా మారి ఒడిశా వైపు వెళ్లిపోయింది. అధికారులు ‘ముప్పు తప్పింది’ అని ఊపిరి పీల్చుకున్నారు, ఇంటికి తిరిగి వచ్చిన వారు ‘అబద్ధం చెప్పారు’ అనుకున్నారు. రెండు మాటలూ ఒకే సంఘటన గురించే. జీడిపిక్కల పనికి వెళ్లే మనిషికి ఆ రెండు రోజుల కూలి ఎవరూ ఇవ్వలేదు. ఆ తరువాత ఊళ్లోకి వెళ్లి, గ్రామసభలో కూర్చుని, తుపాను ఎందుకు బలహీనపడిందో, మళ్లీ అలాంటిదే వస్తే మళ్లీ ఎందుకు పిలవాల్సి వస్తుందో చెప్పే పద్ధతి మన దగ్గర లేదు. తప్పిపోయిన హెచ్చరికకు సంజాయిషీ ఇవ్వడం చిన్నతనం కాదు. ఇవ్వకపోవడం వల్లే తరువాతి హెచ్చరిక పలచబడిపోతోంది. ‘ఇసుమంటివి ఎన్ని సూడనేదు బాబూ’ అని అరుగు మీద కూర్చున్న ముసలాయన అంటే, ఆయన చూసిన వాటిలో నిజంగా వచ్చినవీ ఉన్నాయి, రానివీ ఉన్నాయి.

పొరుగున ఉన్న ఒడిశా ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపానులో దాదాపు పదివేల మంది చనిపోయారు. పద్నాలుగేళ్ల తరువాత పైలీన్ వచ్చినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించగలిగారు, మరణాలు కొన్ని పదులకే పరిమితమయ్యాయి. ఆ మార్పు ఒక్క రాత్రి మైకుతో వచ్చింది కాదు. ఊళ్లో వారికే శిక్షణ ఇచ్చి, ఏటా కసరత్తు చేయించి, కేంద్రాలు కట్టించి సాధించినది. అదే ఒడిశాలో తిత్లీ వానకు గజపతి జిల్లాలో ఇళ్లు వదిలి కొండరాళ్ల కింద తలదాచుకున్న వారిలో పదిమందికి పైగా కొండచరియ విరిగిపడి చనిపోయారు. వాళ్లు కదిలారు, కానీ కదిలి వెళ్లాల్సిన చోటు ఏదో తేల్చి ఉంచలేదు.

నిరుడు అక్టోబరులో అయినా, వచ్చే అక్టోబరులో అయినా బలవంతంగా ఖాళీ చేయించే అధికారం 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా యంత్రాంగానికి ఇచ్చింది. అవసరమైతే వాడాల్సిందే, కాదనం. కానీ లాఠీతో బస్సెక్కించిన మనిషి అర్ధరాత్రి గోడ దూకి పడవ దగ్గరికి వస్తాడు. వాతావరణ శాఖ 72 గంటల ముందే మేల్కొలుపు ఇస్తోంది, తరువాత 48 గంటల ముందు, 24 గంటల ముందు హెచ్చరికలు ఇస్తోంది. ఊళ్లో మైకు మోగేది మాత్రం తరచుగా చివరి సాయంత్రమే. మొదటి రోజున పడవల వంతు, రెండో రోజున పశువుల వంతు, మూడో రోజున మనుషుల వంతు అని విడదీస్తే చివరి సాయంత్రం వాదించుకోవడానికి ఏమీ మిగలదు. పడవలను ట్రాక్టరుతో పైకి లాగించే ఖర్చు, వాటికి రెండు రాత్రులు ఊరివాళ్లతోనే కాపలా పెట్టే కూలి కలిపి చూసినా, ఒక్క పడవకు చెల్లించాల్సిన పరిహారం కంటే తక్కువే అవుతుంది. ఊరు వదిలే ముందే పడవలను, వలలను, పశువులను ఫొటోలు తీసి సచివాలయంలో నమోదు చేస్తే జాబితా భయం పోతుంది. పునరావాస కేంద్రానికి వచ్చిన వారికే నగదు, బియ్యం అన్న నిబంధన ఉంటే దాన్ని సవరించాలి. ముందురోజే మెట్టప్రాంతంలోని బంధువుల ఇంటికి తనంతట తాను వెళ్లిపోయిన కుటుంబం ప్రభుత్వానికి భారం తగ్గించింది, దానికి సాయం ఆపడం న్యాయం కాదు.

ఇవన్నీ జరగడానికి సమయం పడుతుందనే అనుకుందాం. ఈ వారమే చేయగలిగింది ఒకటుంది. తీరమండలాల అధికారులు ఒక సాయంత్రం చెప్పకుండా వెళ్లి, తమ పరిధిలోని తుపాను రక్షిత కేంద్రం తలుపు తెరిపించాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకోవడానికి ఎన్ని ఫోన్లు చేయాల్సి వచ్చిందో రాసుకుని, ఆ మనిషి పేరు, నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఆడవాళ్ల మరుగుదొడ్డికి లోపలి వైపు గడియ ఉందో లేదో వేసి చూసి రావాలి.