గైడ్ లేకుండా వెళ్లిందట, అయ్యో పాపం

ముందు ఇది రాసేస్తాను. ఒంటి మీద ఉప్పు తర్వాత కడుక్కుంటాను.

బహామాస్‌లో ఉన్నాం, ఎగ్జూమా దీవిలో. ఈ పొద్దున చేపలు పట్టడానికి మోకాళ్లు కూడా మునగని నీళ్లలో నిలబడి ఉన్నాను. పోటు అప్పుడే మొదలైంది. అరవై అడుగుల దూరంలో బోన్‌ఫిష్ అనే చేపల గుంపు ఒకటి తలలు ఇసుకలో దూర్చి, తోకలు నీటి పైకెత్తి రొయ్యల కోసం తవ్వుకుంటోంది. అంత దగ్గరికి చేరడానికి ఎంతసేపు ఒంగి ఒంగి నడిచానో నా నడుముకే తెలుసు. గాలం దారం విప్పి చేతిలో పట్టుకున్నాను. ఇంక విసరడమే తరువాయి.

అప్పుడొచ్చిందండీ బోటు, సరిగ్గా నాకూ చేపలకీ మధ్య నుంచి. వెనక, చేపలెక్కడున్నాయో చూపించే గైడు గెడ వేస్తున్నాడు. ముందు ఓ పెద్దమనిషి నిలబడ్డాడు, మడత నలగని కొత్త చొక్కా, రోజుకి ఆరేడు వందల డాలర్లు పోసిన ఠీవి. నీళ్లలో నడిచొచ్చి చేపల కోసం కాచుకున్న మనిషి కనిపిస్తే బోటు దూరం నుంచి చుట్టు తిరిగి పోవాలన్నది ఇక్కడ అందరికీ తెలిసిన మర్యాద. గైడుని నేనేమీ అనను, డబ్బిచ్చినవాడు అటు పొమ్మంటే అతను మాత్రం ఏం చేస్తాడు? నా కళ్లలోకి చూడలేక తల తిప్పుకున్నాడు పాపం. పెద్దమనిషి మాత్రం తిప్పుకోలేదు. గొంతెత్తి మరీ అడిగాడు, "మీ గైడ్ ఎక్కడ?" అని. లేడన్నాను. "మరి మీ హస్బెండ్?"

తొమ్మిదడుగుల రాడ్ పట్టుకుని, నడుముకి సంచీ కట్టుకుని నీళ్లలో నిలబడ్డది నేను. ఆయనగారికి కావాల్సింది మా ఆయన! మా ఆయన ఒడ్డున నీడలో పడుకుని ఫోన్లో క్రికెట్ హైలైట్స్ చూస్తున్నారు. ఆయనకి చేపంటే కంచంలో ఉండేది, అంతే. "గైడ్ లేకుండా ఇక్కడేమీ దొరకవు, టైం వేస్ట్" అని ఓ ఉచిత సలహా నా మొహాన పారేసి పోయాడు పెద్దమనిషి. దొరకవు మరి. నువ్వొచ్చి అంత గొంతు చేసుకుంటే ఏం దొరుకుతాయి నాయనా! ఆ మాట పూర్తయ్యేలోపు గుంపు గుంపంతా లోతు నీళ్లలోకి చెక్కేసింది.

సరే, ఇంటికొస్తే అక్కడ ఇంకో జడ్జిగారు. మా వదిన భర్త, అన్నయ్యగారు. ఆయనకి గాలానికీ గొడుగుకీ తేడా తెలియదు. "ముందే చెప్పాను కదమ్మా, ఇలాంటివి తెలిసినవాళ్లతో వెళ్లాలి" అన్నారు కాఫీ తాగుతూ. ఎన్ని పట్టావని అడిగారు. పట్టాను. ఎన్నో చెప్పను. చెప్తే "అంతేనా" అంటారు. పట్టినవి వదిలేశానంటే అది ఇంకా పెద్ద పాపం. "అంత కష్టపడి పట్టి వదిలేయడమేంటమ్మా, పులుసు పెట్టక!" బోన్‌ఫిష్‌ని వలేసి పట్టినా, కొన్నా, అమ్మినా బహామాస్‌లో నేరమని చెప్పాను. ఈ దేశం పది సెంట్ల నాణెం మీద ఉన్నది ఈ చేపేనని జేబులోంచి తీసి చూపించాను. ఒంటి నిండా ముళ్లేనన్నాను. "పులస తినేవాళ్లకి ముళ్ల భయమేంటి?" అన్నారు. ఇంకేం మాట్లాడతాం.

మీలో చాలామందికి ఈ గోలేంటో తెలియకపోవచ్చు. ఇది ఎర గుచ్చి బెండు వైపు చూస్తూ కూర్చునే గాలం కాదు. కొక్కేనికి ఈకలో వెంట్రుకలో దారంతో చుట్టి, పూసకళ్లు పెట్టి, చిన్న రొయ్యో పురుగో అనిపించేలా కడతారు. అదే ఫ్లై. దానికి బరువుండదు, కాబట్టి లావుపాటి దారాన్ని గాల్లో వెనక్కీ ముందుకీ ఊపి, ఆ దారం బరువుతోనే విసరాలి. క్రేజీ చార్లీ అని ఓ ఫ్లై ఉంది, బోన్‌ఫిష్ పట్టేవాళ్లందరి పెట్టెలోనూ ఉంటుంది. 1970ల్లో ఈ బహామాస్‌లోనే, ఆండ్రోస్ దీవిలో పుట్టింది. చార్లీ స్మిత్ అనే గైడు పేరే దానికి పెట్టారు.

ఇప్పుడు చెప్పండి, గైడ్‌తో వెళ్తే మనం చేసేదేంటి? పోటు ఎప్పుడో ఆయన చూస్తాడు. ఏ ఇసుక తిన్నె మీదికి చేప వస్తుందో ఆయనకి తెలుసు. గెడ వేసి తీసుకెళ్తాడు. చేపని ఆయనే చూస్తాడు. "పదకొండు గంటల వైపు, నలభై అడుగులు, విసురు, ఆగు, ఇప్పుడు లాగు, మెల్లగా, మెల్లగా." చెయ్యి మాత్రం మనది. ఎవరో వండి, కలిపి, ముద్ద చేసి నోట్లో పెడితే "ఈ రోజు వంట నాదే" అన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఫొటో. ఫొటోలో చేపా, మనం, మన కొత్త చొక్కా. గైడు భుజం కాస్త పడితే దాన్ని కట్ చేసి మరీ పెడతారు ఇన్‌స్టాలో.

గైడ్లంటే నాకు కోపమని ఎవరూ అనుకోకండి. వాళ్లకున్న చదువు ఏ యూనివర్సిటీలోనూ దొరకదు. బిమినీ దీవిలో ఆన్సిల్ సాండర్స్ అని ఓ గైడు, పడవలు కట్టే మనిషి, 1964లో మార్టిన్ లూథర్ కింగ్‌ని తన పడవలో మడచెట్ల మధ్యకి తీసుకెళ్లాడు. నోబెల్ బహుమతి ప్రసంగం మీద కింగ్ అప్పుడే పనిచేసుకుంటున్నాడు. ఆ మడల్లో కూర్చుని కొంత రాసుకున్నాడంటారు. అలాంటి గైడు దొరికితే ఆరేడు వందలేంటి, నా గాజులు తాకట్టు పెట్టి వెళ్తాను. నా గొడవ గైడ్లతో కాదు. డబ్బు కట్టి ఒకరి కళ్లు అద్దెకి తెచ్చుకుని, సొంత కళ్లతో వెతుక్కునేవాళ్లని చూసి జాలిపడే వాళ్లతో.

పైగా దొంగతనంగా ఏమీ వెళ్లలేదు నేను. పన్నెండేళ్లు దాటిన విదేశీయులెవరైనా ఫ్లాట్స్‌లో, అంటే ఇలాంటి లోతు లేని ఇసుక నీళ్లలో, చేపలు పట్టాలంటే లైసెన్స్ ఉండాలని 2017లో ఇక్కడ నియమం తెచ్చారు. వారానికి 20 డాలర్లు పెట్టారు. కట్టాను. కాగితం నడుము సంచీలో, ప్లాస్టిక్ కవర్లో ఉంది. అందులో గైడ్ ఉండాలని ఎక్కడా రాసి లేదు. హస్బెండ్ ఉండాలని అసలే లేదు.

ఇక ఈ "టైం వేస్ట్" సంగతి. ఈ ట్రిప్ ఖాయమైన రోజు నుంచి నేను రాత్రిళ్లు శాటిలైట్ మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. పిల్లలు పడుకున్నాక, గిన్నెలు సర్దాక. లేత రంగు నీళ్లెక్కడ, ముదురు రంగెక్కడ, తిన్నె పక్కనే లోతు కాలవ ఉందా, వెనక మడచెట్లున్నాయా, క్వీన్స్ హైవే మీద కారాపి నడిచి పోవడానికి దారుందా అని. పోటు పట్టికలు చూసుకున్నాను. నీళ్లు ఎక్కుతున్నప్పుడు చేప లోతు నుంచి తిన్నె మీదికి మేతకొస్తుంది, దిగుతున్నప్పుడు మళ్లీ జారుకుంటుంది. ఆ రెంటి మధ్యనే మన ఆటంతా. ఎండ వీపున పడేలా నడవాలి, లేకపోతే నీటి మీద మెరుపు తప్ప ఏమీ కనపడదు. పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకుండా వెళ్తే గుడ్డివాళ్లమే. కళ్లద్దాలున్నా చేప కనపడదు, అదీ గమ్మత్తు. దాని ఒళ్లంతా అద్దం, కింద ఇసుక రంగే పైకి చూపిస్తుంది. ముందు కనపడేది దాని నీడ. ఇసుక మీద ఏదో కదిలినట్టుంటుంది, మబ్బేమో అనుకుంటాం, అది మబ్బు కాదు. లేదంటే ఓ చోట నీళ్లు పాలు విరిగినట్టు కలకబారి ఉంటాయి, అక్కడ తవ్విందన్నమాట. మొదట్లో నాకు బారకూడా అనే వేట చేప కనపడింది, పిల్ల సొరచేప కనపడింది, గడ్డి కనపడింది, అన్నీ బోన్‌ఫిష్‌లాగే కనపడ్డాయి. తర్వాత ఒకరోజు నిజంగా కనపడింది. పక్కన వేలు పెట్టి చూపించేవాళ్లెవరూ లేరు. ఆ క్షణం ఏ ప్యాకేజీలో ఉంటుందో చెప్పండి, రేటెంతో నేనూ కనుక్కుంటాను.

కనపడ్డాక కూడా అయిపోదు. తూర్పు గాలి ఎప్పుడూ మొహం మీదే కొడుతుంది. ఫ్లై దాని నెత్తిన పడితే పరార్. దూరంగా పడితే చూడదు. నోట పట్టగానే రాడ్ పైకెత్తకూడదు, ఎడం చేత్తో దారం గట్టిగా లాగాలి, అప్పుడే కొక్కెం దిగుతుంది. దిగాక అది తీసే పరుగుంది చూశారూ, రీల్లోంచి దారం అయిపోయి అడుగున చుట్టిన దారం కూడా పోతుంటే గుండె గొంతులోకొస్తుంది. ఎక్కువసేపు ఆడించకూడదు కూడా, అలిసిపోయిన చేపని వదిలామంటే బారకూడా కాచుకుని ఉంటుంది.

ఒంటరిగా అంత దూరం ప్రమాదం కదా అని వదిన అడిగింది. అడగడంలో తప్పు లేదు, ప్రేమతోనే అడిగింది. అడుగులు ఎత్తి వేయను వదినా, పాదాలు ఇసుకలో ఈడ్చుకుంటూ నడుస్తాను, తోక ముల్లుతో గుచ్చే టేకు చేప దాక్కుని ఉంటే ఆ కదలికకి తప్పుకుంటుంది. నీళ్ల సీసా ఉంది, టోపీ ఉంది, ఎక్కడికెళ్తున్నానో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. అది మా ఆయన చదవలేదు, అది వేరే విషయం.

అసలు మనవాళ్లకి ఏదైనా ప్యాకేజీలో ఉంటేనే అది అనుభవం. ఎల్లుండి మా వాళ్లంతా పందుల దగ్గరికి వెళ్తున్నారు. అవునండీ, పందులే. బిగ్ మేజర్ కే అనే చిన్న దీవి ఒడ్డున పందులుంటాయి, నీళ్లలో ఈదుకుంటూ బోటు దగ్గరికొస్తాయి, వాటితో ఫొటో దిగాలి. మనిషికి రెండొందల డాలర్ల పైమాటే. మా ఊళ్లో దొడ్లోకి పంది వస్తే కర్ర పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమిన మనిషి అన్నయ్యగారు. ఇప్పుడు వాటితో జలకాలాడటానికి అడ్వాన్స్ కట్టారు. అది టైం వేస్ట్ కాదట. ఎందుకంటే బోటులో గైడుంటాడు, లంచ్ ఇన్‌క్లూడెడ్.

ఇంతలో మా తమ్ముడి వాయిస్ మెసేజ్. ఫ్యామిలీ గ్రూపులో ఎవరు మోశారో ఏమో. "అక్కా, ఒక్కదానివే వెళ్లకే, ఎవరైనా గైడ్‌ని పెట్టుకో, నీకు అలవాటు లేని పని."

నాకు. అలవాటు. లేని పని.

మాది భీమవరం పక్క పల్లెటూరు. ఇంటి వెనకే కాలువ. వెదురు గాలం ఎవరికి కొనిచ్చారు? వాడికి. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, ముక్కు తుడుచుకోవడం రాదు, వాడికి గాలం. నేనడిగితే నాయనమ్మ "ఆడపిల్ల కాలవ గట్టున కూర్చుంటే ఊరు నవ్వుతుంది" అంది. కానీ వాడు ఒక్కడూ వెళ్తే పడిపోతాడని తోడుగా నన్నే పంపేవాళ్లు! అప్పుడు ఊరు నవ్వలేదు. పెరట్లో అరటి పాదు తవ్వి ఎర్రలు తీసి కొబ్బరి చిప్పలో వేసింది నేను. తూము దగ్గర నీళ్లు తిరిగే చోట జెల్లలుంటాయని కనిపెట్టింది నేను. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు ఏ మడుగులో పరిగెలు మిగిలాయో పొద్దున్నే వెళ్లి చూసొచ్చి చెప్పింది నేను. "ఇక్కడ కాదురా, ఆ నాచు పక్కన వెయ్యి, ఆగు, ఇప్పుడు లాగు" అని వాడి చెవిలో చెప్పింది నేను. సాయంత్రం చేపల గుత్తి ఊపుకుంటూ ఇంట్లోకి వాడు ముందు, కొబ్బరి చిప్ప పట్టుకుని వాడి వెనక నేను. "మా నాన్నే, ఎన్ని పట్టుకొచ్చాడో!" అని నాయనమ్మ దిష్టి తీసేది. ఇంక చేపలు తోమింది ఎవరనుకున్నారు?

ఆ మెసేజ్ విన్నాక ఉండబట్టలేక అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి. నిద్రలోంచి లేపినట్టున్నాను. "అమ్మా, చిన్నప్పుడు కాలవలో చేపలెక్కడుంటాయో ఎవరు చెప్పేవాళ్లే?" అన్నాను. "తమ్ముడికి భలే తెలిసేదే, చేతి మహిమ వాడిది. నువ్వు గట్టు మీద ఊరికే కూర్చునేదానివి" అంది.

రేపు పోటు ఇవాళ్టికంటే కాస్త ఆలస్యంగా. ఏ తిన్నె మీదో చెప్పను. పందుల లెక్కలోంచి నన్ను తీసేయమని వదినకి చెప్పేశాను. కామెంట్లలో ఎవరైనా "మాకు తెలిసిన మంచి గైడ్ ఉన్నాడండీ, నంబర్ పంపనా" అని రాస్తే బ్లాక్ చేస్తాను. తమ్ముడూ, నువ్వు చదువుతున్నావని తెలుసు, నీకూ అంతే.