పండు తినడానికి ముహూర్తం చూడాలా?

"పండ్లు పరగడుపునే తినాలి" అంటూ ఒక పొడవాటి మెసేజ్ ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతోంది. ఒకసారి ఎవరో డాక్టర్ పేరుతో వస్తుంది, ఇంకోసారి ఏదో విదేశీ పరిశోధన పేరుతో వస్తుంది. సారాంశం ఇది: భోజనం తర్వాత తిన్న పండు కడుపులో ఇరుక్కుపోయి కుళ్లుతుంది, తిన్నదంతా పాడుచేస్తుంది. అదే పరగడుపున తింటే ఒంట్లో క్షారగుణం పెరిగి క్యాన్సర్ కూడా తగ్గిపోతుంది. దీనికి తోకలు కూడా మొలిచాయి. బాగా మాగిన పండంతా చక్కెరే కాబట్టి దోరగా ఉన్నప్పుడే తినాలట. కోసుకుని తినే తీరిక లేకపోతే జ్యూస్ తాగితే చాలట. పొద్దుగూకాక పండు ముట్టకూడదట, పండు తిన్నాక నీళ్లు తాగకూడదట.

వీటిలో ఒకటి రెండు మాటల్లో రవ్వంత నిజం లేకపోలేదు. అది వచ్చినచోట ఒప్పుకుంటాను. కానీ మొత్తమ్మీద ఈ మెసేజ్ వల్ల జరిగేది ఏమిటంటే, ఇష్టంగా తినాల్సిన పండును జనం టెన్షన్‌తో తింటున్నారు. మామిడిపండు మాగిందో లేదో వాసన చూసి తేల్చుకోవాల్సింది పోయి, భోజనం చేసి ఎన్ని గంటలైందో లెక్కపెట్టుకుంటున్నారు. రెండు రోజులు ఆగితే పండు ఆగదు, మెత్తబడి పాడవుతుంది. పరగడుపు మాత్రం రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది.

"ముందు తిన్న తిండి అడ్డుపడి పండు పేగుల్లోకి దిగలేదు, అక్కడే పులిసి కుళ్లుతుంది."

ఇది రాసినవాళ్లు కడుపులో తిండి ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడుతుందని అనుకున్నట్టున్నారు. నిజానికి జీర్ణాశయం రుబ్బురోలు లాంటిది. ముందు వేసిందీ, తర్వాత వేసిందీ అందులో కలిసి నలుగుతాయి. ఆమ్లంతో, ఎంజైములతో కలిసి జారుగా మారిన ముద్ద కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి జారుతుంది. కిందనున్న కండర ద్వారం ఘనపదార్థాన్ని సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యాకే వదులుతుంది. మామూలు భోజనం కడుపులోంచి దిగిపోవడానికి రెండు నుంచి ఐదు గంటలు పడుతుంది. పండు కలిసినందువల్ల అందులోని పీచు ఆ వేగాన్ని కాస్త తగ్గించవచ్చు. అది మంచికే. చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కకుండా ఉంటుంది, ఆకలి కూడా త్వరగా వేయదు.

ఇక కుళ్లడం సంగతి. కుళ్లాలన్నా, పులవాలన్నా సూక్ష్మజీవులు దండిగా పెరగాలి. జీర్ణాశయంలోని ఆమ్లం పీహెచ్ (ఆమ్లగుణాన్ని కొలిచే అంకె, 7 కంటే ఎంత తగ్గితే అంత ఘాటు) సుమారు 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది. చాలా సూక్ష్మజీవులు అక్కడ బతకలేవు, బతికినవాటికీ పెరిగే వ్యవధి దొరకదు. పులియడం నిజంగా జరిగేది ఇంకా కిందికి వెళ్లాక, పెద్దపేగులో. అక్కడి బ్యాక్టీరియా పీచును పులియబెట్టి, పేగు గోడలోని కణాలకు ఇంధనంగా పనికొచ్చే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. ఆ పనిలో కొంత గ్యాస్ పుడుతుంది. పరగడుపున తిన్నా, భోజనం మీద తిన్నా ఆ పీచు చేరేది అక్కడికే, జరిగేది అదే.

ఇక్కడ ఒక నిజం ఉంది. కొందరికి భోజనం తర్వాత పండు తింటే కడుపు ఉబ్బరంగా, తేన్పులతో ఇబ్బందిగా ఉంటుంది. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర సరిగా ఇంకనివాళ్లు, పేగు సున్నితంగా ఉండేవాళ్లు చాలామందే ఉన్నారు. అసలే నిండిన కడుపులో ఇంకో గిన్నెడు పండు ముక్కలు వేస్తే ఎవరికైనా భారంగానే ఉంటుంది. అలాంటివాళ్లు విడిగా తినొచ్చు, తగ్గించి తినొచ్చు. అది వాళ్ల ఒంటి తీరు. అందరికీ విషమని చెప్పడానికి అది ఆధారం కాదు.

ఈ విడివిడి తిండి ఆలోచన కొత్తదేమీ కాదు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో విలియం హోవర్డ్ హే అనే వైద్యుడు పిండిపదార్థాలనూ మాంసకృత్తులనూ కలిపి తినకూడదని ప్రచారం చేశాడు. హెర్బర్ట్ షెల్టన్ అనే ప్రకృతివైద్య ప్రచారకుడు ఆ బాటలోనే ఇంకా ముందుకెళ్లాడు. వాళ్లను ఒక్క ప్రశ్న అడగాల్సింది: తల్లిపాలలో చక్కెర, మాంసకృత్తులు, కొవ్వు మూడూ కలిసే ఉంటాయి కదా, మరి పసిపిల్లలకు ఎలా అరుగుతున్నాయి?

భోజనంతో పాటు పండు తినడంలో లాభాలున్నాయి. గింజల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము మన ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. అదే పూట జామపండో నారింజో తింటే అందులోని విటమిన్ సి ఆ ఇనుము ఎక్కువగా ఇంకేలా చేస్తుంది. జామలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, నారింజలో 50 చిల్లర. ఈ మేలు కలగాలంటే రెండూ కడుపులో ఒకేసారి ఉండాలి. రక్తహీనత ఉన్నవాళ్లు మెసేజ్ మాట విని పండును పరగడుపుకు మార్చుకుంటే ఈ మేలు పోతుంది. మామిడి, బొప్పాయిల్లోని పసుపు, నారింజ రంగు పదార్థాలదీ ఇదే కథ. కాస్త కొవ్వు తోడుంటేనే అవి బాగా ఒంటబడతాయి.

పరగడుపు ఎప్పుడూ క్షేమమే అనడానికీ లేదు. 2014లో బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో వందల మంది పిల్లలు ఉన్నట్టుండి మూర్ఛలతో ఆస్పత్రుల పాలయ్యారు. ఆ ఉదంతం మీద 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో పరిశోధన వచ్చింది. లిచీ పండ్లు తిని, రాత్రి భోజనం చేయకుండా పడుకున్న పిల్లలకు ముప్పు ఎక్కువని అందులో తేలింది. లిచీలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు, ఒళ్లు తనంతట తాను చక్కెర తయారుచేసుకునే పనికి అడ్డుపడతాయి. పచ్చికాయల్లో అవి ఇంకా ఎక్కువ. తిండికి లోటు లేని మనిషి మామూలుగా తినే లిచీతో భయం లేదు. కానీ "పరగడుపున, దోరగా" అన్న రెండు సలహాలూ కలిస్తే ఏం జరగొచ్చో ఆ ఉదంతం చెబుతోంది.

"నిమ్మ, నారింజతో సహా అన్ని పండ్లూ ఒంట్లో క్షారంగా మారతాయి. క్షారం ఉన్నచోట క్యాన్సర్ ఉండదు."

రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యనే ఉండాలి. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రాత్రీ పగలూ కాపలా కాసి దాన్ని అక్కడే ఉంచుతాయి. ఎన్ని పండ్లు తిన్నా మారేది మూత్రం పీహెచ్, అదీ కాసేపు. రక్తం పీహెచ్ నిజంగా ఆ హద్దు దాటిందంటే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన స్థితి. ఈ మాటకు బలంగా నోబెల్ బహుమతి పొందిన జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ పేరు వాడుతుంటారు. ఆయనకు 1931లో ఆ బహుమతి వచ్చింది కణాల శ్వాసక్రియకు సంబంధించిన ఎంజైమ్ మీద చేసిన పనికి. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను వాడే తీరు వేరుగా ఉంటుందని ఆయన గమనించిన మాట నిజమే. కణితి చుట్టూ ఆమ్లగుణం ఉండటం ఆ కణాల పనివల్ల వచ్చేది, పండు తిని దాన్ని కడిగేయలేం. పండ్లు, కూరగాయలు బాగా తినేవారికి కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు తక్కువ ఉండొచ్చనడం వేరు, వచ్చిన క్యాన్సర్ పండుతో పోతుందనడం వేరు. ఈ రెండో మాట నమ్మి చికిత్స వాయిదా వేసుకున్నవాళ్లకు ఎవరు జవాబు చెబుతారు? మెసేజ్ మొత్తంలో నాకు కోపం తెప్పించేది ఇదొక్కటే. మిగతావి నవ్వి ఊరుకోవచ్చు.

"బాగా మాగిన పండంతా చక్కెరే, దోరగా తినండి."

మాగడం అంటే ఏమిటో తెలిస్తే ఈ మాట అనాలనిపించదు. కాయ ముదిరాక ఇథిలీన్ అనే వాయువు దానిలోనే పుడుతుంది. అక్కణ్నుంచి ఒక్కసారిగా ఎన్నో పనులు మొదలవుతాయి. ఆకుపచ్చ రంగు విరిగి, దాని కిందున్న పసుపు, నారింజ బయటపడతాయి. కణాల గోడలను కలిపి ఉంచే పెక్టిన్ కరిగి గుజ్జు మెత్తబడుతుంది. పులుపు తగ్గుతుంది. నోరు పీకేలా చేసే వగరు తగ్గుతుంది. చివరగా వాసన వస్తుంది, ఎన్నో ఆవిరి పదార్థాలు కలిసి కట్టిన వాసన. అరటిపండు గుబాళింపులో ఐసోఅమైల్ ఎసిటేట్‌ది ప్రధాన పాత్ర. మామిడిలో టెర్పీన్లు అనే వాసన పదార్థాలది పెద్ద వాటా. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, వగరు లాంటి కొద్ది రుచులే. ఇది బంగినపల్లి, ఇది రసం అని గుర్తుపట్టేది ముక్కే. కసుగాయకు ఆ వాసన ఉండదు. దోరగా తింటే పోయేది అదే.

ఇక చక్కెర. మాగుతున్న అరటిపండులో చక్కెర గాలిలోంచి రాదు. కాయగా ఉన్నప్పుడు గుజ్జులో ఐదో వంతుకు అటూఇటూగా పిండిపదార్థం ఉంటుంది, మాగేకొద్దీ అదే చక్కెరగా మారుతుంది. ఆ పిండిని కాయగా ఉడికించి తిన్నా ఒంట్లో చివరికి చాలావరకు గ్లూకోజే అవుతుంది. అరగని రకం పిండి పచ్చికాయలో ఎక్కువ, అందుకే దాని గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే అంకె) తక్కువ. ఈ మేరకు నిజమే. అయితే మాగిన అరటిపండుది కూడా సుమారు 50 మాత్రమే, ఈ అంకె 55 వరకు ఉంటే తక్కువ కిందే లెక్క. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఎన్ని పండ్లు తింటున్నారో చూసుకోవాలి, ముక్కలు లెక్కపెట్టుకోవాలి. మాగిన పండు మానేసి దోరకాయలు రెట్టింపు తింటే ఒరిగేదేమీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చింది. తగ్గించాల్సిన జాబితాలో తేనె ఉంది, పండ్ల రసం ఉంది. కోసుకుని తినే పండులోని చక్కెర అందులో లేదు. పై నుంచి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటుంది.

ఇక్కడే జ్యూస్ సలహా కూడా తేలిపోతుంది. 2013లో బీఎంజే అనే వైద్య పత్రికలో అమెరికాకు చెందిన సుమారు 1,87,000 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. ద్రాక్ష, యాపిల్, బ్లూబెర్రీ లాంటివి పండుగా తినేవారిలో టైప్ 2 మధుమేహం ముప్పు తక్కువగా, జ్యూస్ ఎక్కువ తాగేవారిలో కాస్త ఎక్కువగా కనిపించింది. ఇలాంటి అధ్యయనాలు కారణాన్ని రుజువు చేయలేవు, సంబంధాన్ని మాత్రం చూపుతాయి. అయినా తర్కం కష్టమైనదేమీ కాదు. నాలుగు నారింజలు ఒలుచుకుని తినేసరికి ఎవరికైనా చాలనిపిస్తుంది. అవే గ్లాసులోకి పిండితే రెండు నిమిషాల్లో అయిపోతాయి, పీచు పిప్పిలో మిగిలిపోతుంది.

"పొద్దుగూకాక తినకూడదు."

గుండెల్లో మంట ఉన్నవాళ్లు పడుకోబోయే ముందు పుల్లటి పండ్లు మానుకుంటే మంచిది. సాయంత్రం తర్వాత ఒళ్లు చక్కెరను పొద్దున్నంత చురుగ్గా సర్దుకోదన్నదీ నిజమే. కానీ రాత్రి ఆకలేస్తే పండు వద్దని బిస్కెట్ ప్యాకెట్ విప్పేవాళ్లను ఏమనాలి?

"తిన్నాక నీళ్లు తాగకూడదు."

పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీళ్లే. దాని తర్వాత ఇంకో గ్లాసు తాగితే ఏమవుతుందో ఈ మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.

నిజంగా జాగ్రత్త చెప్పాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు పొటాషియం ఎక్కువగా ఉండే అరటి లాంటి పండ్లు ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి. వాళ్లకు స్టార్ ఫ్రూట్ అసలు పనికిరాదు. అందులోని విషపదార్థం బయటికి పోక మెదడుకు చేరితే ఆగని ఎక్కిళ్లు, మూర్ఛ, కొన్నిసార్లు ప్రాణాపాయం. గ్రేప్‌ఫ్రూట్ అనే, నారింజ జాతికి చెందిన చేదు పండు, కొలెస్ట్రాల్‌కు వాడే కొన్ని స్టాటిన్లతో సహా పలు మందులు రక్తంలో మోతాదు మించి పేరుకునేలా చేస్తుంది. పొద్దున పండు తిని రాత్రి మాత్ర వేసుకున్నా ఆ ప్రభావం పూర్తిగా పోదు. అంత పొడవాటి మెసేజ్‌లో ఈ రెండు పండ్ల పేర్లూ ఎక్కడా లేవు.